పన్నుకు సిమెంటు పెట్టించిన చరిత్ర

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శిగారు అడిగినప్పుడు కాకతీయుల చెరువుల మీద రాద్దామని మేము పుస్తకాలు తీసి పెట్టుకున్నాం. ఇంతలో ఒక గురువారం రాత్రి మా ఇంటికి ఒక మిత్రుడు వచ్చాడు. దవడ పట్టుకుని రాలేదు, ఫోను పట్టుకుని వచ్చాడు. కిందటేడు సెలవులో హైదరాబాదు వెళ్ళినప్పుడు కింది దవడలో ఒక పుచ్చు పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాడు. అప్పటినుంచి నొప్పి లేదు, వాపు లేదు, హాయిగా చేగోడీలు నములుతున్నాడు. కాని ఎవరో పంపిన వీడియో ఒకటి చూసి మూడు రాత్రులు నిద్రపోలేదట. నరం తీసేసిన పన్ను నోట్లో పెట్టుకున్న శవమేననీ, అందులో కూరిన పదార్థం ఒంట్లోకి కారి కీళ్ళనూ గుండెనూ తినేస్తుందనీ తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన అందులో చెబుతున్నాడు. "పీకించేయమంటారా వదినా?" అని అడగడానికి వచ్చాడు మిత్రుడు.

మేము అని రాస్తున్నది గొప్ప కోసం కాదు, ఇద్దరం కూర్చుని రాసినది కాబట్టి. మాలో ఒకరం హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో చదువుకున్నాం. ఆ కళాశాల 1959లో మొదలైంది. అంతకుముందు మనవాళ్ళు పన్నుల చదువు చదవాలంటే మద్రాసుకో బొంబాయికో, లేకపోతే ఆర్. అహ్మద్ గారు 1920లో కలకత్తాలో పెట్టిన కళాశాలకో పోవలసి వచ్చేది. రెండో మనిషి సివిల్ ఇంజనీరు. ఈ జుబైల్ ఉప్పునేలలో కాంక్రీటు ఎందుకు పగులుతుందో చూడడంతోనే ఆ ఉద్యోగం గడిచింది. ఈ రెండు వృత్తులూ ఒకే బస్తా దగ్గర కలుస్తాయని పెళ్ళినాటికి మాకు తెలియదు.

మిత్రుడి ప్రశ్న మాకు కొత్తది కాదు. మా పెద్దనాన్నగారికి 1950లలో మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. జిల్లా కేంద్రంలో పేరున్న ఒక డాక్టరుగారు చూసి, విషమంతా పళ్ళలో ఉందని తేల్చారు. నెల తిరక్కుండా నోట్లో ఉన్న పళ్ళన్నీ తీయించారు. అందులో పుచ్చినవి మూడో నాలుగో. మోకాళ్ళ నొప్పులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన ఆవకాయ ముక్కను చప్పరించి కంచం పక్కన పెట్టడం మా చిన్నతనంలో రోజూ చూసేవాళ్ళం. ఆ డాక్టరుగారు మోసగాడేమీ కాదు. ఆయన చదువుకున్న పుస్తకాల్లో అదే ఉంది. పుస్తకాల్లోకి ఆ మాట ఎలా వచ్చింది, ఎలా పోయింది, పోయినది మళ్ళీ ఫోనుల్లోకి ఎలా చేరింది అని మిత్రుడికి ఆ రాత్రి రెండు గంటలు చెప్పాం. కాకతీయులను పక్కన పెట్టి, అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు పన్ను కట్టడం సంగతి కొంచెం చెప్పాలి. పైకి కనిపించే పన్ను కంటే ఎముకలో దిగిన వేరు పొడవు. వేరు మధ్యలో వెంట్రుకంత సన్నబడుతూ పోయే గొట్టం ఉంటుంది. అందులో నరాలు, రక్తనాళాలు కలిసిన మెత్తటి గుజ్జు ఉంటుంది. వేరు కొనన సూదిమొనంత ద్వారం, ఆ ద్వారం గుండానే రక్తం వచ్చి పోతుంది. వేరు పైన సిమెంటమ్ అనే పలచని గట్టి పొర, ఆ పొరను దవడకు కట్టిపడేసే నారపోగులు, ఆ తర్వాత ఎముక. పుచ్చు గుజ్జు దాకా దిగితే గుజ్జు చచ్చిపోతుంది. చచ్చిన గుజ్జులో క్రిములు చేరి, కొన దగ్గరి ద్వారం నుంచి ఎముకను తినడం మొదలుపెడతాయి. ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర మినపగింజంత నల్లని నీడ కనిపించేది అందుకే. వైద్యుడు చేసేదల్లా గుజ్జు తీసేసి, సన్నటి ఆకురాళ్ళతో గొట్టం గోడలు గీకి, కడిగి, ఏదో ఒకటి నింపి మూసేయడం. ఆ 'ఏదో ఒకటి' ఏమిటన్నదే రెండువందల ఏళ్ళుగా తగువు. నింపిన పదార్థాన్ని సిమెంటమ్, నారపోగులు, ఎముక ఎలా చూస్తాయి? ఊరుకుంటాయా, తిరగబడతాయా, కలుపుకుంటాయా?

ఈ కథలో మొదటి పన్ను మనకు మరీ దూరం కాదు. అల్ ఉలా వెళ్ళి మదాయిన్ సాలిహ్‌లో కొండలు తొలిచిన సమాధులు చూసి వచ్చిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ సమాధులు చెక్కిన నబాతీయులదే ఉత్తరాన నెగెవ్ ఎడారిలో ఒక చిన్న కోట. అక్కడ తవ్వకాల్లో సుమారు క్రీస్తుపూర్వం 200 నాటి పుర్రె ఒకటి దొరికింది. పై దవడ ముందు పన్ను ఒకటి ఆకుపచ్చగా కనిపించడంతో ఎక్స్‌రే తీశారు. వేరు గొట్టంలో రెండున్నర మిల్లీమీటర్ల కంచు తీగ ముక్క. 1987లో దాని వివరాలు ప్రచురించారు. పన్నును తినే పురుగు వేరులో కాపురముంటుందని అప్పటివారి నమ్మకం. దాని దారి మూయడానికి తీగ దిగ్గొట్టి ఉంటారని ఊహ. మనం నవ్వనక్కరలేదు. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగను గొట్టంతో పుచ్చు పన్నుకు పట్టించి, రాలిన పురుగులివిగో అని చూపించేవాళ్ళు మన ఊళ్ళలో నిన్నమొన్నటిదాకా ఉన్నారు.

అరబ్బు వైద్యులు ఆ కాలానికి ఎంతో నయం. కార్డోబాలో క్రీస్తుశకం 1000 ప్రాంతంలో ఉన్న అల్ జహ్రావీ, చుట్టూ ఉన్న చిగురు కాలకుండా చిన్న గొట్టం అడ్డుపెట్టి, ఎర్రగా కాల్చిన సూదిని దాని గుండా పంటిలోకి దింపమని రాశాడు. పంటిని కాల్చినా పక్క కణజాలాన్ని కాపాడాలి అన్న ధ్యాస అప్పటికే ఉంది. పారిస్‌లో ఫోషార్ 1728లో పెద్ద గ్రంథం వేసి, పురుగు కట్టుకథేనని కొట్టిపారేశాడు. చీము పోవడానికి పన్ను తెరిచి ఉంచి, లవంగ నూనె, దాల్చినచెక్క నూనె తడిపిన దూది పెట్టి, నెలల తర్వాత సీసం రేకు కూరేవాడు. 1809లో ఫిలడెల్ఫియాలో హడ్సన్ అనే ఆయన వేరు గొట్టాల్లో బంగారు రేకు కూరాడు. బంగారానికి తుప్పు లేదు, నిజమే. కాని వెంట్రుక గొట్టంలో రేకును కొన దాకా కూరడం ఎవరి తరం?

ఇక్కడ 1836 ఒక చెడ్డ సంవత్సరం. బతికున్న గుజ్జును నొప్పి లేకుండా చంపడానికి పంటిలో పాషాణం పెట్టవచ్చని అమెరికాలో స్పూనర్ ప్రకటించాడు. మత్తు సూది లేని కాలం, రోగులు దండం పెట్టి పెట్టించుకున్నారు. పాషాణం గుజ్జును చంపింది, నిజమే. అయితే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. కాస్త బయటికి ఊరితే చిగురు నల్లబడి, ఎముక పెచ్చులుగా ఊడి వచ్చేది. అయినా నూరేళ్ళకు పైగా దాన్ని వదలలేదు.

ఇంతలో తూర్పు నుంచి ఒక జిగురు వచ్చింది. మలయా అడవుల్లో చెట్టు పాలు గట్టిపడితే వచ్చే గట్టాపర్చా అది. వేడినీళ్ళలో వేస్తే మైనంలా మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, నీరు పీల్చదు. 1843లో సింగపూరులోని మాంట్‌గోమరీ అనే డాక్టరు దాని సంగతి బ్రిటిషువాళ్ళకు తెలియజేశాడు. వాళ్ళకు కావలసింది పళ్ళు కాదు, సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు. 1864లో గ్వాదర్ నుంచి ముసందం, బుషైర్ మీదుగా ఫావ్ దాకా మన ఈ గల్ఫు అడుగునే గట్టాపర్చా తొడిగిన తీగ పరిచారు. మద్రాసు నుంచి పెనాంగ్‌కు, సింగపూరుకు 1870–71లో వేసినదీ అలాంటిదే. శుక్రవారం సాయంత్రాలు జుబైల్ ఒడ్డున కూర్చుంటాం గదా, ఎదురుగా కనిపించే ఆ నీళ్ళ అడుగున అప్పట్లో ఉన్నదీ, మన మిత్రుడి దవడలో ఇప్పుడున్నదీ ఒకే చెట్టు పాలు. తీగల కోసం ఆ చెట్లను నిలువునా నరికేశారు. అది వేరే విషాదం.

పంటివాళ్ళు త్వరగానే అందిపుచ్చుకున్నారు. 1847లో హిల్ అనే అమెరికన్ గట్టాపర్చాలో సున్నపురాయి పొడి, పలుగురాయి పొడి కలిపి గుంటలు పూడ్చే ముద్ద తయారుచేశాడు. 1867లో సెయింట్ లూయిస్‌లో బౌమన్ దాన్ని వేరు గొట్టంలో వాడాడు. 1887 నుంచి అగ్గిపుల్ల కంటే సన్నటి పుల్లలుగా దాన్ని కార్ఖానాలో చేసి అమ్మారు. ఈనాటికీ ప్రపంచమంతా వాడేది ఆ పుల్లలే. ఒక సంగతి చెబితే మిత్రుడు ఆశ్చర్యపోయాడు. ఆ పుల్లలో గట్టాపర్చా అయిదో వంతే, తక్కినదాంట్లో అధికభాగం జింక్ ఆక్సైడు, ఇంకొంచెం ఎక్స్‌రేలో తెల్లగా కనిపించడానికి వేసే లోహపు ఉప్పు. కణజాలం దాన్ని చూసి ఏమీ అనదు. ఆ మాటకొస్తే గట్టాపర్చా గొప్పతనమంతా ఏమీ చేయకపోవడంలోనే ఉంది. లోపమల్లా అది గోడకు అంటుకోదు. అందుకే చుట్టూ ఒక పలచని లేపనం పూయాలి. తగాదాలన్నీ ఆ లేపనం నుంచే పుట్టాయి.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. 1899లో న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు వేరు గొట్టంలో సీసపు తీగ పెట్టి ఎక్స్‌రే తీసి, కొన ఎక్కడుందో చూశాడు. అంతవరకూ నూతిలోకి రాయి వేసి లోతు ఊహించినట్లే సాగింది పని. కెల్స్ పేరు మరిచిపోవద్దు, మళ్ళీ వస్తాడు.

అసలు గొడవ 1910 అక్టోబరులో మాంట్రియల్‌లో మొదలైంది. లండన్ వైద్యుడు విలియం హంటర్ అక్కడి మెగిల్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసిస్తూ, చీము పట్టిన వేళ్ళ మీద బంగారు తొడుగులు వేసి కప్పెట్టే దంతవైద్యాన్ని దుమ్మెత్తిపోశాడు. రక్తహీనత, జీర్ణకోశ రోగాలు, కీళ్ళ వాతం అన్నిటికీ నోటిలోని ఈ కుళ్ళే మూలమన్నాడు. ఆయన చూసిన నోళ్ళలో అలాంటి పని చాలానే ఉండి ఉంటుంది. శుభ్రం చేయకుండా మూసేయడం తప్పే. కాని వినేవాళ్ళు అందులోంచి ఇంకో అర్థం తీశారు. చికిత్స చేసిన పన్ను ఏదైనా సరే విషపు గుళిక అన్నారు. షికాగోలో బిల్లింగ్స్ దానికి సిద్ధాంతం కట్టాడు. క్లీవ్‌లాండులో వెస్టన్ ప్రైస్, పీకిన పళ్ళను కుందేళ్ళ చర్మం కింద పెట్టి కుట్టేసి, కుందేళ్ళు జబ్బుపడడం చూపించి, 1923లో రెండు పెద్ద సంపుటాలు వేశాడు. మన మిత్రుడి ఫోనులోని పెద్దమనిషి చెప్పినదంతా ఈ రెండు సంపుటాల ఎంగిలే. పన్ను పీకేటప్పుడే చిగురు మీది క్రిములు వేరుకు అంటుకుంటాయనీ, అంత చిన్న కుందేలుకు అన్ని క్రిములు ఎక్కిస్తే జబ్బుపడక ఏం చేస్తుందనీ ఆ ఊపులో ఎవరూ గట్టిగా అడగలేదు.

అడిగినవాడు ఒకడున్నాడు, కెల్స్. ఎక్స్‌రేలో నీడ కనిపించడమే ఆలస్యం, పళ్ళన్నీ పీకేయడం ఈ కాలపు నేరమని 1920లో ఆయన పత్రికకెక్కాడు. పంటివైద్యానికి ఎక్స్‌రేను నేర్పిన మనిషే దాని దుర్వినియోగాన్ని తప్పుపట్టాడు. తరవాత ఆయన గతి చెప్పాలంటే చేయి ఆడదు. కిరణాలతో పనిచేసి పనిచేసి వేళ్ళు పోయాయి, తరవాత చేయి పోయింది. 1928లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. న్యూజెర్సీలో ట్రెంటన్ మానసిక చికిత్సాలయాధికారి హెన్రీ కాటన్ మాత్రం పిచ్చికి కూడా పళ్ళే కారణమని రోగుల పళ్ళు వేలకొద్దీ పీకించాడు. కన్నకొడుకుల పళ్ళు కూడా తీయించాడట. నమ్మకం అంటే అలా ఉంటుంది.

1938లో న్యూయార్కులో సెసిల్, ఆంజెవైన్ అనే వైద్యులు 200 మంది కీళ్ళవాత రోగుల సంగతి పరిశీలించి, పళ్ళు తీయించినందువల్ల ఒరిగిందేమీ లేదని రాశారు. సెసిల్ అంతకుముందు ఆ సిద్ధాంతాన్ని నమ్మినవాడే. తన మాట తనే వెనక్కి తీసుకోవడం వైద్యుల్లో అరుదు, అందుకని ఆయన పేరు ఇక్కడ రాశాం. ఆ సంగతి మన జిల్లా కేంద్రానికి చేరడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఈలోగా మా పెద్దనాన్నగారి పళ్ళు పోయాయి.

అప్పటికే ప్రయోగశాలల్లో ప్రశ్న మారింది. పన్ను ఒంటిని ఏం చేస్తోంది అని కాక, వేరు కొన దగ్గర ఒళ్ళు ఏం చేస్తోంది అని చూడసాగారు. లండన్‌లో విల్‌ఫ్రెడ్ ఫిష్ 1939లో గినీ పందుల దవడల్లో చిన్న రంధ్రాలు చేసి, క్రిములు పట్టించిన ఉన్ని కూరి, తరవాత కోసి చూశాడు. నడుమ క్రిములు, వాటితో పోరాడి చచ్చిన తెల్లకణాలు. దాని చుట్టూ క్రిములు లేవు గాని వాటి విషం తగిలిన వలయం. దాని బయట చెత్త ఎత్తిపోసే కణాలు. అన్నిటికీ బయట, కొత్త నారా కొత్త ఎముకా కడుతున్న కణాలు. ఓరుగల్లుకు రాతికోట, దాని చుట్టూ మట్టికోట ఉన్నట్లు ఇక్కడ నాలుగు ప్రాకారాలు. వేరు కొనన కనిపించే నల్లనీడ ఒట్టి రోగం కాదు, రక్షణ కూడా. నడుమనున్న శత్రువును తీసేస్తే బయటి ప్రాకారంలోని కణాలే లోపలికి వచ్చి ఎముక కట్టేస్తాయి.

మరి వేరులో నింపిన పదార్థం శత్రువా కాదా? 1931లో రికర్ట్, డిక్సన్ అనేవాళ్ళు జంతువుల చర్మం కింద బోలు సూదులు, గట్టి సూదులు పెట్టి చూశారు. గట్టి వాటి చుట్టూ ఏమీ లేదు, బోలు వాటి నోటి దగ్గర వాపు. కనుక గొట్టం ఖాళీగా ఉంటే ఒంటి రసాలు అందులోకి పోయి నిలవ ఉండి కుళ్ళుతాయనీ, ఎలాగైనా బిగదీసి నింపాలనీ తీర్మానించారు. ఈ మాట పట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా అందరూ 'ఏది నింపితే బిగుతుగా ఉంటుంది' అన్న వేటలో పడ్డారు.

1933లో జాస్పర్ వెండి పుల్లలు తెచ్చాడు. సన్నగా ఉంటాయి, వంకర గొట్టంలో కూడా జారిపోతాయి. ఎక్స్‌రేలో తెల్లని గీతలా చూడముచ్చటగా కనిపిస్తాయి. మాలో ఇంజనీరు ఈ మాట వినగానే తల పట్టుకున్నారు, లోహాన్ని ఉప్పునీటిలో పెడితే ఏమవుతుందో జుబైల్‌లో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. వేరు కొనన ఊరే రసం ఉప్పునీరే. 1972లో సెల్ట్‌జర్ బృందం, విఫలమైన పళ్ళలోంచి తీసిన వెండి పుల్లలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే గుంటలు పడి, నల్లని తుప్పు పేరుకుని ఉన్నాయి. ఆ తుప్పు కణాలను చంపే రకం. వెండి రోజులు అంతటితో తీరిపోయాయి.

స్విట్జర్లాండులో సార్జెంటి అనే ఆయన చేసిన ఎన్‌-టూ అనే ముద్ద సంగతి ఇంకా ఘోరం. అందులో ఫార్మాల్డిహైడ్ పుట్టించే పొడి, సీసం ఉండేవి. ఒకే రోజులో పని అయిపోతుందని కొందరు వైద్యులకు బాగా నచ్చింది. శవాలను నిలవ ఉంచే మందు బతికున్న ఎముకకు తగిలితే ఏమవుతుంది? కొన దాటి కింది దవడ నరం దారిలోకి పోతే పెదవి, గడ్డం జన్మలో మొద్దుబారిపోయిన వాళ్ళున్నారు. వీడియోలోని పెద్దమనిషి ఈ ముద్దను తిట్టి ఊరుకుంటే మేమూ ఆయన పక్కనే నిలబడేవాళ్ళం.

మన వంటింటి లవంగం ఈ రెండింటికీ మధ్యస్థం. లవంగ నూనెలోని యూజినాల్‌ను జింక్ ఆక్సైడుతో కలిపితే గట్టిపడుతుంది. ఫిలడెల్ఫియాలో గ్రాస్‌మన్ 1936 నుంచి దీంతో లేపనాలు చేశాడు, నేటికీ వాడుతున్నారు. కొద్దిగా తగిలితే యూజినాల్ నొప్పిని జోకొడుతుంది, ఎక్కువైతే కణాలను చంపుతుంది. అందుకని ఆ లేపనం పూసిన మొదటి రోజుల్లో వేరు కొన కొంచెం మండినట్లుండి, గట్టిపడ్డాక సద్దుమణుగుతుంది. రూట్ కెనాల్ అయిన రెండుమూడు రోజులు కొరికితే నొప్పి అని మన ఆడవాళ్ళు చెప్పుకునే దానికి ఇదీ ఒక కారణం. పన్నునొప్పికి లవంగం బుగ్గన పెట్టుకోమనే మన అమ్మమ్మలు మరీ ఎక్కువ పెడితే చిగురు పొక్కుతుందని కూడా చెప్పేవారు. మోతాదు సంగతి వాళ్ళకు తెలుసు.

తీర్పు వచ్చింది 1965లో. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ దంత పరిశోధన సంస్థలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్‌జెరాల్డ్ అనే ముగ్గురు రెండు రకాల ఎలుకలను తీసుకున్నారు. ఒక రకం మామూలువి. రెండో రకం పుట్టుకనుంచీ ఒక్క క్రిమి కూడా లేకుండా మూసిన పెట్టెల్లో పెంచినవి. రెంటికీ పళ్ళు తొలిచి గుజ్జు బయటపెట్టి వదిలేశారు. తిండి మెతుకులు వెళ్ళి కూరుకున్నాయి. మామూలు ఎలుకల గుజ్జు చచ్చి చీము పట్టింది. క్రిములు లేనివాటికి మెతుకులు కూరుకున్నా గుజ్జు చావలేదు సరికదా, తూటు మీద కొత్త గట్టి పొర కట్టుకుంది. మరుసటి సంవత్సరమే టొరంటోలో టార్నెక్, శుభ్రమైన ఖాళీ ప్లాస్టిక్ గొట్టాలను ఎలుకల చర్మం కింద పెడితే, గొట్టం నోట్లోకి ఆరోగ్యమైన కణజాలం పెరిగి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ బోలు సూది సిద్ధాంతం అలా నీరుగారింది. 1976లో స్వీడన్‌లో ఉమెయో విశ్వవిద్యాలయంలో సుంద్‌క్విస్ట్, దెబ్బ తగిలి గుజ్జు చచ్చినా పైకి పగలని 32 పళ్ళు పరీక్షించాడు. వేరు కొనన ఎముక తిన్న పళ్ళు 19, వాటిలో 18లో క్రిములున్నాయి. ఎముక చెక్కుచెదరని పళ్ళలో గుజ్జు చచ్చి ఉన్నా క్రిమి లేదు. 1981లో స్వీడన్‌లోనే గోటెబోర్గ్‌లో మోలర్ బృందం కోతుల పళ్ళలో గుజ్జును చంపి క్రిములు చేరకుండా మూసేస్తే, ఆరు నెలలు దాటినా వేరు కొన ప్రశాంతంగా ఉంది.

అంటే 'శవం' అన్న మాటకు అర్థం లేదు. చచ్చిన గుజ్జు కాదు, బతికున్న క్రిములే ఎముకను తినేది. ఇంకో సంగతి, పన్ను నిజంగా చావదు. లోపలి గుజ్జు పోయినా వేరు చుట్టూ సిమెంటమ్, నారపోగులు, బయటి రక్తంతో బతుకుతూనే ఉంటాయి. హంటర్ చెప్పినదాంట్లో ఒక నిజపు ముక్క మాత్రం మిగిలింది. నోటి క్రిములు రక్తంలోకి పోగలవు. గుండె కవాటాలు మార్పించుకున్నవాళ్ళకు పంటి పని ముందు యాంటీబయాటిక్ ఇచ్చేది అందుకే. దాన్ని పట్టుకుని క్రిములు తీసి మూసిన పన్నును పీకించుకోవడం, దొంగను పట్టుకున్నాక ఇల్లు తగలబెట్టుకున్నట్లుంటుంది.

పదార్థాలు అసలు అమాయకమైనవేనా అంటే, అదీ కాదు. జూరిచ్‌లో పనిచేసిన పి.ఎన్.ఆర్. నాయర్ 1990లో ఒక పంటి కొన దగ్గర ఏళ్ళ తరబడి మానని పుండును సూక్ష్మదర్శినితో చూస్తే, గట్టాపర్చా పుల్లలకు అంటిన టాల్కు పౌడరు కనిపించింది, దాన్ని మింగబోయిన పెద్ద కణాలు దాని చుట్టూ మూగి ఉన్నాయి. 1995లో స్వీడన్‌వాళ్ళు గట్టాపర్చా పెద్ద ముక్కలనూ, సన్నని పొడినీ వేరువేరుగా గినీ పందుల చర్మం కింద పెట్టారు. పెద్ద ముక్క చుట్టూ ఒళ్ళు పలచని నార సంచి అల్లి ఊరుకుంది. పొడి చుట్టూ పెద్ద గలాటా జరిగింది. పూర్వం ఈ జుబైల్ ఊరు ముత్యాల వేటగాళ్ళది గదా. లోపల చేరిన పరాయి దాన్ని ముత్యపుచిప్ప పొర మీద పొర కప్పి నోరు మూయించినట్లే ఇది కూడా.

ఇక బస్తా సంగతి. తమలపాకుకు రాసుకునే సున్నమే కాల్షియం హైడ్రాక్సైడ్. 1920లో జర్మనీలో హెర్మన్ దాన్ని పంటిలోకి తెచ్చాడు. దాని క్షారగుణం పన్నెండున్నర, ఆ ఘాటుకు క్రిములు బతకలేవు. తగిలిన చోట పైపొర మాడి, దాని కింద కొత్త గట్టి పొర పుడుతుంది. సగం చేసిన వేరులో కొద్ది వారాలు ఉంచడానికి నేటికీ అదే మందు. నెలల తరబడి ఉంచితే పన్ను పెళుసెక్కుతుందని 2002లో తేలింది. ఈ పన్నెండున్నర అంకె వినగానే మాలో ఇంజనీరు లేచి నిలబడ్డారు. సిమెంటులో నీళ్ళు పోస్తే పుట్టేది ఈ సున్నమే. కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పన్నెండున్నరే. గల్ఫులో ఉప్పు లోపలికి దిగి ఆ కాపలాను చెడగొట్టినప్పుడే మన కట్టడాలు పగులుతాయి.

మన ఊళ్ళలో పన్ను పూడ్పించుకోవడాన్ని 'సిమెంటు పెట్టించుకోవడం' అంటారు. చాలాకాలం అది ఒట్టి మాటే. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో టొరాబినెజాద్ బృందం ఎమ్‌టీఏ అనే పొడిని ప్రకటించింది. అందులో ముప్పాతిక వంతు పోర్ట్‌లాండ్ సిమెంటు! గోడలు కట్టేదే, బాగా శుద్ధి చేసి, ఎక్స్‌రేలో కనిపించడానికి బిస్మత్ కలిపారు. తడిలోనే గట్టిపడుతుంది, కాబట్టి నెత్తుటి చెమ్మకు భయపడదు. కుక్కల్లో, కోతుల్లో పరీక్షిస్తే, అంతకుముందు ఏ పదార్థం మీదా ఇంత నిలకడగా చూడనిది జరిగింది. ఆ సిమెంటు ముఖం మీద కొత్త సిమెంటమ్ వచ్చి పరుచుకుంది. వందేళ్ళు ఒళ్ళు ఏమీ అనకపోతే చాలునని వెతికారు, ఇది దాన్ని తనదిగా కలుపుకుంది. తమాషా ఏమిటంటే 1878లోనే హానోవర్‌లో విట్టె అనే వైద్యుడు వేరు గొట్టాలను పోర్ట్‌లాండ్ సిమెంటుతో నింపి, వ్యాసం కూడా రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. దీన్ని చదివి ఎవరైనా సైటు మీది బస్తాలోంచి చిటికెడు తీసి పంటికి పెట్టుకుంటారేమో, వద్దు. బజారు సిమెంటులో ఇతర లోహాలుంటాయి. ఎమ్‌టీఏకూ లోపాలున్నాయి. గంటల తరబడి గట్టిపడదు, ముందు పళ్ళకు వాడితే బూడిదరంగు తేలుతుంది, ఖరీదూ ఎక్కువే. అందుకని మామూలు పంటికి ఇప్పటికీ గట్టాపర్చానే.

మిత్రుడు తన ఎక్స్‌రేలు రెండూ తెచ్చాడు. చికిత్సకు ముందుది, ఏడాది తర్వాత ఇక్కడ తీయించుకున్నది. కొనన నల్లనీడ సగానికి తగ్గింది. పూర్తిగా నిండడానికి ఒక్కోసారి నాలుగేళ్ళు పడుతుంది. కొన దాటి ఒక తెల్లని చుక్క కనిపిస్తోంది, ఆయన భయం దాన్ని చూసే. అది గట్టాపర్చా ముక్క, పొడి కాదు. ఒళ్ళు సంచి అల్లుకుని ఊరుకుంటుందని చెప్పాం. "ఆ" అని నోరు తెరిపించి చూశాక మాత్రం మాకే కోపం వచ్చింది. సెలవు అయిపోతోందని తొడుగు వేయించుకోకుండా విమానం ఎక్కేశాడు. పైన తాత్కాలికంగా పెట్టిన, వారాల కోసం ఉద్దేశించిన ముద్ద ఏడాదిగా ఉంది, ఒక పక్క అరిగిపోయింది. వేరులో ఎంత బాగా నింపినా పైమూత కారితే నోటి క్రిములు మళ్ళీ దిగుతాయని 1995లో రే, ట్రోప్ అనేవాళ్ళు వేయికి పైగా ఎక్స్‌రేలు చూసి చూపించారు. సెలవులో మొదలుపెట్టి సెలవుతో ఆపేసిన ఇలాంటి పళ్ళు మన కాలనీలో ఎన్ని ఉన్నాయో, ఇంటింటా చూసుకుంటే తెలుస్తుంది.

మరుసటి వారమే ఆయన వెళ్ళి, పాత ముద్ద తీయించి, తొడుగుకు అచ్చు ఇచ్చి వచ్చాడు. రంజాన్ అయ్యాక ఇంకో ఎక్స్‌రే తీయాలి. కాకతీయుల చెరువులు వచ్చే సంచికకు.